జానెడు పైమట్టి

సైన్సు మాస్టారికి మాటలంటే బద్ధకం. పాఠం చెప్పేటప్పుడు కూడా అవసరమైన నాలుగు ముక్కలు చెప్పి, మిగతాది పిల్లల చేతుల్లో పెట్టి ఊరుకునేవారు. మట్టి పాఠం వచ్చిందంటే మరీను. పుస్తకాలు మూయించి, బడి వెనకున్న అరెకరంలోకి తీసుకుపోయి, తలో గుప్పెడు మట్టి ఇచ్చి "తడిపి, వేళ్ళ మధ్య పాములా చెయ్యండి" అనేవారు. పాము కాకుండానే రాలిపోతే ఇసుక. బెత్తెడు సాగి తెగితే మధ్యరకం. పొడుగ్గా సాగి, ఉంగరంలా వంచినా పగుళ్ళివ్వకపోతే బంకమన్ను. పాఠం అయిపోయింది, చేతులు కడుక్కోండి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆయన చెప్పింది పిల్లలు నిజంగానే నేర్చుకున్నారు. ఒకడు ఇంటికి పోయి వాళ్ళమ్మ కలిపిన పిండి ముద్ద తీసి, పాము చేసి, ఉంగరం చుట్టి, "అమ్మా, నీది అచ్చమైన బంకమన్నే" అని తీర్పు చెప్పి గరిటె దెబ్బ తిన్నాడు. తర్వాతి వారం నీరు ఇంకే పాఠం. అడుగు తీసేసిన డబ్బాను నేలలోకి దిగ్గొట్టి, గ్లాసుడు నీళ్ళు పోసి, ఎంతసేపట్లో ఇంకిందో రాయాలి. రెండు రోజులు తిరక్కుండా వీధి వీధంతా డబ్బాలు మొలిచాయి. పోస్టుమాన్ సైకిలు చక్రం ఒకదాన్లో దిగి అతను ఉత్తరాలతో సహా పక్కకి ఒరిగాడు. దర్జీ కొట్టు ముందు సిమెంటు చేయించి ఉంది. అక్కడ డబ్బా దిగలేదు. దాన్ని ఊరికే నిలబెట్టి నీళ్ళు పోసిన పిల్ల తన పుస్తకంలో ఇలా రాసింది: "దర్జీగారి గుమ్మం. నీళ్ళు లోపలికి పోలేదు. దర్జీగారు బయటికి వచ్చారు."

మాస్టారు ఆ పిల్లకి పదికి పది వేశారు.

ఆ పిల్ల ఎవరో కాదు, మాస్టారి భార్యకి సొంత అన్నయ్య కూతురు. బళ్ళో మాస్టారూ అనాలి, ఇంట్లో మామయ్యా అనాలి. రెండూ కలిపేసి నాలుక కరుచుకుంటూ ఉండేది. ప్రతిదానికీ ఎందుకూ ఎందుకూ అని ప్రాణం తీస్తుంది కాబట్టి తరగతిలో అందరూ 'ఎందుకమ్మ' అని పిలిచేవారు.

ఎందుకమ్మ తండ్రికి రోడ్డవతల ఇటుకల బట్టీ ఉంది. మనిషి పొట్టి, వెడల్పు. గొంతు మాత్రం బట్టీ గొట్టమంత. మాస్టారిని చూస్తే చాలు, "ఏం బావా, ఇవాళెన్ని మాటలు ఖర్చయ్యాయి?" అని ఎద్దేవా చేసేవాడు. మాస్టారికీ అతను బావే కాబట్టి నవ్వి ఊరుకునేవారు. బావ బట్టీ ఇరవై ఏళ్ళలో చుట్టుపక్కల నేలనంతా తినేసింది. ఒక చోట మట్టి అయిపోతే గొయ్యిని అలాగే వదిలేసి పక్కకి జరగడం. గోతుల్లో వాననీళ్ళు నిలిచి పచ్చబడ్డాయి. కప్పలకి మాత్రం అంత మేలు చేసినవాడు ఇంకొకడు లేడు.

జరిగి జరిగి బావ చూపు బడి వెనక అరెకరం మీద పడింది.

బడికి ప్రహరీ లేదు. మేకలు వస్తాయి. పోయిన నెలలో ఒక మేక ఏకంగా ఆఫీసు గదిలోకి వచ్చి హాజరుపట్టీలో రెండు తరగతుల్ని నమిలేసింది. బడి పెద్దగా ఉన్న పెద్దమేడం అప్పట్నించీ గోడ గురించే కలలు కంటోంది. బావ తిన్నగా ఆవిడ దగ్గరికి పోయాడు. వెనక మట్టి నాకివ్వండి, చుట్టూ గోడ నేను కట్టిస్తాను అన్నాడు. ఆవిడ ముఖం చాటంత అయింది.

"మట్టిదేముంది మాస్టారూ? తీసినకొద్దీ కిందంతా మట్టే కదా" అంది ఆవిడ సైన్సు మాస్టారిని పిలిపించి, సంతకానికి కలం తీస్తూ.

మాస్టారు కిటికీలోంచి వెనక్కి చూశారు. ఆయన ఈ బడికి వచ్చిన కొత్తలో వెనకంతా బడి కట్టినప్పుడు పారబోసిన పెంకులూ రాళ్ళూను. గడ్డి కూడా మొహం చూపించేది కాదు. ఆయన రాళ్ళు ఏరించారు. ఏటేటా ఆకులు, పేడ, పొయ్యిబూడిద, ఇంటింటి కూరగాయల తొక్కలు పిల్లల చేత మోయించి, తానూ మోసి, కుళ్ళబెట్టి పరిచారు. పదకొండేళ్ళకి జానెడు నల్లమట్టి తయారైంది. ఇప్పుడక్కడ చిక్కుళ్ళు, టమాటాలు కాస్తున్నాయి. వేలు గుచ్చితే వేలు దిగుతుంది. ఇదంతా చెప్పాలని నోరు తెరిచారు.

"పదకొండేళ్ళండీ" అన్నారు. ఇంకేం రాలేదు.

పెద్దమేడం కఠినురాలు కాదు. కలం మూత పెట్టింది. "వచ్చే శనివారం కాక పై శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. అందరి ముందూ మీరు చెప్పండి. వాళ్ళు వద్దంటే నేను సంతకం పెట్టను. సరేనంటే మీరు అడ్డం రావద్దు."

అందరి ముందూ చెప్పండి అన్న మాట వినేసరికి మాస్టారు గుమ్మం వైపు చూశారు.

ఆ పూట భోజనాల దగ్గర భార్య అడిగింది. "ఏమండీ, మా అన్నయ్యతో గొడవ పెట్టుకుంటారా?"

"లేదు."

"అయితే మట్టి ఇచ్చేస్తారా?"

"లేదు."

"మరేం చేస్తారు?"

"గొయ్యి తవ్విస్తా."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఎవరికండీ?"

"పాఠానికే."

"హమ్మయ్య. కాస్త ముందే చెప్పొచ్చు కదా, ఆ ముక్క కూడా! మీతో కాపురం చెయ్యాలంటే గుండె గట్టిగా ఉండాలి."

మర్నాటి నుంచి పిల్లలు అరెకరం మధ్యలో గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. మట్టిని పొరలు పొరలుగా చూపించే గొయ్యి అది. మూడు వైపులా గోడల్ని కత్తితో కోసినట్టు నిటారుగా చెక్కాలి. నాలుగో వైపు నిచ్చెన. అంచుల మీద కాలు పెట్టకూడదు. ఏ పొర మట్టిని ఆ పొర కుప్పగానే పొయ్యాలి. పాఠం అయ్యాక కిందది కింద, పైది పైన వేసి పూడ్చెయ్యాలి. ఈ వరస తప్పితే మాస్టారు తిట్టరు. తప్పు చేసినవాడి వంక చూస్తారు. పిల్లలు దానికన్నా తిట్లే నయమనేవారు.

పైన జానెడు నల్లమట్టి వచ్చింది. దాని కింద గునపం చప్పుడు మారింది. ఎర్రగా, నున్నగా, వెన్నలా కోసుకుపోయే మట్టి. మూరెడు తవ్వినా అదే. రెండు మూరల తర్వాత గానీ కంకర తగల్లేదు. ఎందుకమ్మ గుప్పెడు తీసి, తడిపి, పాము చేసి, ఉంగరం చుట్టింది. ఒక్క పగులు లేదు. వేలికి తొడుక్కుని చూపించింది.

"మామయ్యా... మాస్టారూ, ఇది మా నాన్న వెతుక్కునే మట్టే కదూ?"

 అవును, అదే. బట్టీవాడు చూస్తే ఎగిరి గంతేసే మట్టి.

"చేతులు కడుక్కో" అన్నారు.

మాట దాచుకోవడం ఆయనకి కొత్త కాదు. కానీ మాట లేక ఊరుకోవడం వేరు, ఉన్న మాట మింగి ఊరుకోవడం వేరు. మొదటిసారి మౌనం ఆయన నోట్లో చేదుగా తగిలింది.

ఆ సాయంత్రమే బావ ట్రాక్టరు వచ్చింది. సంతకం సంగతి తర్వాత, నమూనాకి మాత్రం పెద్దమేడం ఒప్పుకుందట, ముందు కాస్త మట్టి తీసుకుపోయి ఇటుకలు కోసి చూసుకుంటాడట. డ్రైవరు దారికి దగ్గరగా ఉన్న నల్లకుప్పని ట్రాలీలోకి ఎత్తేశాడు. పిల్లలు ట్రాక్టరు వెంట వంద గజాలు పరిగెత్తి, "అన్నా, అది పైపొరన్నా! పైన వెయ్యాలన్నా!" అని అరిచారు. డ్రైవరు వాళ్ళ ఉత్సాహానికి మెచ్చి చెయ్యి ఊపాడు.

తర్వాత వారం రోజులు మబ్బు. సన్న తుంపర. పిల్లలు గోతినీ మిగతా కుప్పల్నీ తాటాకులతో కప్పారు. ఎండ జాడ లేదు.

శనివారం రానే వచ్చింది. వెనక అరెకరం గట్టున బల్లలు వేశారు. తల్లులూ తండ్రులూ కూర్చున్నారు. మాస్టారి భార్య కూడా వచ్చి చివరి బల్ల మీద, ఎటువైపూ కానట్టు సరిగ్గా మధ్యలో కూర్చుంది. మాస్టారి చేతిలో కాగితం ఉంది. రాత్రంతా రాస్తే ఆరు వాక్యాలు తేలాయి. గొంతు సవరించుకున్నారు. మళ్ళీ సవరించుకున్నారు. మూడోసారికి ఒకాయన జాలిపడి మంచినీళ్ళందించాడు.

ఇంతలో బావ వచ్చాడు. నడిచి రాలేదు, ఊడిపడ్డాడు. అరచేతిలో ఒక పచ్చి ఇటుక. ఇటుక నిండా వేలెడు వేలెడు మొలకలు. నడుమ ఒక చిక్కుడు మొక్క రెండాకులు విప్పుకుని, పెళ్ళిచూపులకి కూర్చున్నంత వినయంగా తల వంచుకుని ఉంది.

"చూడండయ్యా, చూడండి! రెండొందల ఇటుకలు కోసి తడి గోనెలు కప్పితే, రెండొందలూ మొలిచాయి! ఇరవై ఏళ్ళ నుంచి బట్టీ నడుపుతున్నా. కలుపు తియ్యాల్సిన ఇటుకని ఇప్పుడే చూడ్డం! బావా, నిజం చెప్పు. విత్తనాలు కలిపావా లేదా?"

"లేదు బావగారూ."

"మరెలా మొలిచాయి?"

"నల్లమట్టి కదండీ. దాన్లో ఉంటాయి."

వెనక బల్ల మీద ఒకావిడ పక్కావిడతో, "ఇంటి గోడకి కాస్తే కోసుకోవడానికి వీలుగా ఉంటుంది కదూ" అంది. జనం గొల్లుమన్నారు. పిల్లలు ఇటుక చుట్టూ మూగి దానికి నీళ్ళు పొయ్యొచ్చా అని అడిగారు. బావకి ఒళ్ళు మండింది.

"నవ్వండి, నవ్వండి. పైనంతా చెత్తా చెదారం నింపి పెట్టాడు మా బావ. దాన్ని గీకి అవతల పారేస్తే సరి. కింద అసలు మట్టి ఉంటుంది. ఇదిగో గొయ్యి తవ్వే ఉంచారు. నేనే దిగి చూస్తా."

మాస్టారి చేతిలో కాగితం నలిగిపోయింది.

గోతిలో పిల్లల కోసం చేసిన వెదురు నిచ్చెన ఉంది. బావ మొదటి మెట్టు మీద కాలు మోపాడు. అది ఓర్చుకుంది. రెండోది కూడా ఓర్చుకుంది. మూడోది ఇరవై ఏళ్ళ ఇటుకల వ్యాపారం బరువుకి పుటుక్కుమంది. దాంతో మిగతావీ దారి పట్టాయి. బావ గోతి అడుగున కూలబడి, లేచి, ప్యాంటు దులుపుకున్నాడు. నిలబడితే గోతి అంచు సరిగ్గా ముక్కుకి తగిలింది. పైనున్నవాళ్ళకి కళ్ళూ నుదురూ మాత్రం కనిపించాయి.

"దెబ్బ తగిలిందా అన్నయ్యా?" అని పరిగెత్తుకొచ్చింది మాస్టారి భార్య.

"తగల్లేదు గానీ, నన్ను లాగండి!"

ఇద్దరు తండ్రులు ముందుకు దూకి బావ చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. బావ జానెడు లేచాడు, మూరెడు దిగాడు. వాళ్ళ బూట్ల కింద గోతి అంచు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి లోపలికి రాలింది. నల్లమట్టి అంతా కంకర మీద పడుతోంది.

"అంచు! అంచు మీంచి దిగండి! పైమట్టి!"

అందరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. అరిచింది మాస్టారు. పదకొండేళ్ళలో ఆయన గొంతు అంత పెద్దగా ఎవరూ వినలేదు. పెద్దమేడం అయితే ఆ గొంతు ఎవరిదో అని చుట్టూ వెతికింది.

"మనిషి లోపల ఇరుక్కుంటే మట్టి మట్టి అంటారేంటి మాస్టారూ!" అన్నాడు ఒక తండ్రి, చేతులు వదిలేసి.

చేతులు వదిలెయ్యడంతో బావ మళ్ళీ అడుక్కి చేరాడు. చేసేదేం లేక ఎదురుగా ఉన్న గోడని చూడసాగాడు. ముక్కు ముందు నల్లపొర. తెల్లటి సన్నని వేళ్ళు. ఒక వానపాము సగం బయటికొచ్చి, ఇతన్ని చూసి, లోపలికి పోయింది. గొంతు దగ్గర్నుంచి కిందికి ఎర్రపొర, కానీ రాలిన నల్లమట్టి పూసుకుని దాని రంగూ తీరూ తెలియడం లేదు.  మోకాళ్ళ దగ్గర చేత్తో తడిమితే కంకర తగిలింది.

"ఓస్, ఇదీ ఇంతేనా? కిందంతా రాళ్ళే. ఇది ఇటుక్కి పనికిరాదు. వద్దు. నాకీ నేలే వద్దు" అన్నాడు చిరాగ్గా.

మాస్టారి ప్రాణం లేచొచ్చింది. పెద్దమేడం మొహం వాడిపోయింది. ఇంకో క్షణం ఎవరూ మాట్లాడకుండా ఉంటే చాలు. మాట్లాడకుండా ఉండటంలో ఆయన్ని మించినవాడు లేడు.

కానీ గోతి గట్టున మోకాళ్ళ మీద కూర్చుని ఎందుకమ్మ తలెత్తి ఆయన వంకే చూస్తోంది. చూస్తోంది అంతే. అచ్చం వరస తప్పిన పిల్లల వంక ఆయన చూసే చూపు.

మాస్టారు కాగితం జేబులో పెట్టుకున్నారు.

"పనికొస్తుంది బావగారూ. మీ గొంతు దగ్గరున్న ఎర్రపొర గిల్లి చూడండి. రెండు మూరలుంది. బంకమన్ను. పిల్లలు ఉంగరం చేశారు, పగల్లేదు."

మాస్టారి భార్య నెత్తిన చెయ్యి పెట్టుకుంది. బావ ఎర్రమట్టి గిల్లి, ఉమ్మి తడిపి, పాము చేశాడు. వంచాడు. ఉంగరమైంది. ఇంకో ముద్ద గిల్లి మళ్ళీ చేశాడు.

"ఇరవై ఏళ్ళ నుంచి మట్టిలో ఉన్నా. మెడ దాకా మంచి మట్టిలో నిలబడి కనుక్కోలేకపోయా" అన్నాడు చివరికి. "ఎందుకు చెప్పావు బావా? ఊరుకుంటే పోయేది కదా?"

"పిల్లలు చూస్తున్నారు."

"మరి ఇప్పుడు తీసుకుంటా కదా!"

"తీసుకోవచ్చు. పైనున్న జానెడుకి పదకొండేళ్ళు పట్టింది. మీ ట్రాక్టరుకి ఒక పూట పడుతుంది. అంతే నేను చెప్పాలనుకున్నది."

"తర్వాత బేరం! ముందు నన్ను తియ్యండి, నడుం పట్టేస్తోంది!"

తండ్రులు పలుగూ పారా తెచ్చారు. అంచు కొట్టేసి ఏటవాలుగా దారి చేస్తే నడిచొచ్చేస్తాడని ఒకాయన పలుగెత్తాడు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. అంతలో గోతిలోంచి బట్టీ గొంతు లేచింది.

"ఆగరా బాబూ! ఎక్కడ పడితే అక్కడ కొడతావేం? ఆ నల్లదంతా నా కళ్ళల్లో పడుతోంది! ముందు పైమట్టి నెమ్మదిగా తీసి పక్కన కుప్ప పెట్టు. తర్వాత ఎర్రది కొట్టు. అది వేరే కుప్ప. రెండూ కలపకు!"

పలుగెత్తినాయన దాన్ని దించేశాడు. గోతిలో బావకే తన మాట వినబడినట్టుంది.

"నాన్నా" అంది ఎందుకమ్మ.

"ఏంటే?"

"మన గోతులకి అలా ఎందుకు చెయ్యలేదు?"

బావ ముఖం తిప్పుకోబోయాడు. పక్కకి తిరుగుదామంటే గోతిలో చోటు లేదు. నాలుగు వైపులా మట్టే.

పిల్లలు పని అందుకున్నారు. పెద్దవాళ్ళ పారలు పక్కన పెట్టించి, చేతిపారలతో నల్లపొరని పొట్టు ఒలిచినట్టు ఒలిచి కుప్ప పోశారు. గంట పట్టింది. ఆ గంటసేపూ బావ లోపల నిలబడి మాస్టారిని ప్రశ్నలడిగాడు. వానపాము ఏం తింటుంది? వేరు ఎర్రపొరలోకి ఎందుకు దిగలేదు? పాత గోతి పూడిస్తే ఎన్నాళ్ళకి చిక్కుడు కాస్తుంది? మాస్టారు అంచుకి ఆనకుండా మోకాళ్ళ మీద వంగి, ఒక్కోదానికీ జవాబు చెప్పారు. తల్లిదండ్రులు బల్లలు దగ్గరికి జరుపుకుని విన్నారు. సమావేశమంటే అదే అయింది.

ఏటవాలు దారెంట పైకొచ్చి బావ బట్టలు దులుపుకున్నాడు. పెద్దమేడం ఇక ఆగలేకపోయింది.

"మరి గోడ సంగతి?"

"ఈ మట్టి తీస్తే నా కూతురు నన్ను బతకనివ్వదండీ. నా పాత గోతుల గట్లలో ఇంకా మట్టి ఉంది, అది చూసుకుంటా. గోడంటారా..." బావ తల గోక్కున్నాడు. "మేకలొచ్చే వైపు కట్టిస్తా. మిగతా మూడు వైపులా మీరు ముళ్ళకంచె నాటుకోండి."

"మేకలు ఆ మూడు వైపుల నుంచీ వస్తాయి కదా?"

"అది మేకలతో మాట్లాడుకోండి మేడం."

అరెకరం ఎవరికీ ఇవ్వొద్దని చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. పెద్దమేడం కూడా, హాజరుపట్టీని చంకలో గట్టిగా అదిమిపట్టుకుని, రెండో చెయ్యి ఎత్తింది. మొలకెత్తిన రెండొందల ఇటుకల్నీ సోమవారం ట్రాక్టరు మీద వెనక్కి పంపించారు. పిల్లలు వాటిని నానబెట్టి, చిదిపి, గొయ్యి పూడ్చి, పైపొరగా పరిచేశారు.

ఆ తర్వాత ఆదివారం తెల్లవారీ తెల్లవారక ముందే మాస్టారింటి తలుపు దబదబా మోగింది. గుమ్మంలో బావ. రెండు చేతుల్లో రెండు సంచులు.

"బావా, లేచావా? ఇది మా పడమటి గోతిది, ఇది రోడ్డు పక్కది. ఏది ముందు పూడ్చాలో చెప్పు. అసలు ఇది ఎందుకింత పుల్లగా వాసనొస్తోంది? అది ఎందుకు పగిలింది? రాత్రంతా నాకు నిద్రలేదంటే నమ్ము."

వసారాలో చాప పరిచారు. నీళ్ళ చెంబు వచ్చింది. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మాస్టారు ఏడాదికి సరిపడా మాట్లాడి ఉంటారు. గొంతు బొంగురుపోయింది. మంచినీళ్ళ కోసం లోపలికి వచ్చి గోడకి చేరగిలబడ్డారు.

"మీకు ఇష్టమైన విషయమే కదండీ" అంది భార్య, నవ్వు ఆపుకుంటూ.

"ఇష్టమే" అన్నారు మాస్టారు. "ఎంతసేపుంటాడు?"

"భోజనానికి ఉండమన్నాను."

ఆయన ఆవిడ వంక ఆ చూపు చూశారు. ఆవిడ పిల్ల కాదు కాబట్టి అది పని చెయ్యలేదు.

"బావా!" అని కేక వినిపించింది వసారాలోంచి. "ఎక్కడికి పోయావు? బండిలో మూడో సంచి కూడా ఉంది, తీసుకురానా?"